లోపల కడిగిన కుండ

తరగతిలో అందరూ ఆమెను పిన్ని అనేవారు. అంతకుముందు ఆమెను అలా పిలిచింది, పెళ్ళయి వెళ్ళిపోయిన అక్క కూతురొక్కతే. చేరిన మొదటిరోజు వెనక బెంచీలో కూర్చున్న ఆమెను చూసి ఒక పొడుగు కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, హాజరు ఇప్పుడే తీసుకుంటారా?"

"నేనూ నీలాంటిదాన్నే బాబూ. కూర్చో."

తరగతంతా నవ్వింది. మేడమ్ అనడానికి వీల్లేదు. పేరుపెట్టి పిలవడానికి నోరు రాదు. అక్కా అందామంటే వాళ్ళ అక్కల వయసు ఎప్పుడో దాటిపోయింది. మధ్యాహ్నం టీ వేళకల్లా పిన్ని ఖాయమైపోయింది.

మానవశాస్త్రం, పురావస్తుశాస్త్రం కలిపి చెప్పే విభాగం అది. పాత భవనం. పై అంతస్తులో బతికున్నవాళ్ళ గురించి చెప్పేవారు, కింద పోయినవాళ్ళ గురించి. పైన బంధుత్వాల మేడమ్, కింద మట్టిసారు. పిల్లలు పెట్టిన పేర్లే ఇవి. మట్టిసారు చొక్కా ఇస్త్రీ చేసినా చేయనట్టే ఉండేది. పక్షులు కూడా ఆయన్ను చూసి భయపడవని పొడుగువాడు అనేవాడు.

పిన్ని పొద్దున తరగతికి వచ్చేసరికే ఒక పూట పని ముగించుకుని వచ్చేది. నగరంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో గాజు సామాను కడగడం ఆమె ఉద్యోగం. వాడి పారేసే సరుకే ఎక్కువగా వస్తున్నా గాజు పూర్తిగా పోలేదు. స్లైడ్లు, ఫ్లాస్కులు, సన్నమూతి సీసాలు రాత్రి షిఫ్టువాళ్ళు తొట్టెలో పడేసి వెళ్ళేవారు. తెల్లవారుజామున ఆమె వెళ్ళేసరికి తొట్టెలో నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగి ఉండేవి. ముందు సబ్బునీళ్ళు, తరవాత బ్రష్, ఆ తరవాత పలచని ఆసిడ్, మళ్ళీ నీళ్ళు. కడిగినదాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడాలి. నీరు బొట్టుగా నిలబడితే ఇంకా జిడ్డు ఉన్నట్టు. పలచగా పరుచుకుని జారిపోతే శుభ్రమైనట్టు.

పనిలో చేరిన కొత్తలో ల్యాబు పెద్దాయన ఒక మాట చెప్పాడు. "నిన్నటి రక్తం ఇవాళ్టి రక్తాన్ని చూడకూడదమ్మా. ఒకరిది ఇంకొకరి పేరు మీద పడితే లేని రోగానికి మందు పడుతుంది. ఇక్కడ అంతకు మించిన పాపం లేదు." ఆమె తల ఊపింది. చాలా ఏళ్ళు తల ఎత్తకుండా కడిగింది.

చదువు గాలి ఎక్కడ సోకిందని అక్క అడుగుతూ ఉండేది. సోకింది రోడ్డు మీదే. ల్యాబు ముందు మురుగు గొట్టాల కోసం తవ్వుతుంటే పాత గోడ ఒకటి బయటపడింది. యూనివర్సిటీ నుంచి కొందరు వచ్చి గుంట చుట్టూ తాడు కట్టారు. షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడిన పిన్ని లోపలికి తొంగి చూసింది. ఒక అమ్మాయి గొంతుక్కూర్చుని, పెంకు చుట్టూ ఉన్న మట్టిని చిన్న బ్రష్‌తో తోస్తోంది.

"ఏం కడుగుతున్నావమ్మా?"

"కడగడం లేదండీ. చూస్తున్నాను."

బస్సు వచ్చింది, వెళ్ళింది. ఆమె ఎక్కలేదు. మనుషులు వదిలేసినవాటిని కడిగి పారబోయడమే ఆమెకు తెలుసు. వాటిని పోకుండా పట్టుకుని చూడటం కూడా ఒక పనేనని, దానికి జీతాలూ పుస్తకాలూ ఉంటాయని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడో ఉత్తరాల ద్వారా చదివిన డిగ్రీ ఒకటి బీరువాలో మూలుగుతోంది. దాన్ని దులిపి, ప్రవేశపరీక్ష రాసింది. సీటు వచ్చింది. వస్తుందని ఆమె అనుకోలేదు, ఇంట్లోవాళ్ళు అసలే అనుకోలేదు.

ఇల్లంటే అక్కా బావల ఇల్లే. అమ్మానాన్నలు పోయినప్పటి నుంచి ఆమె అక్కడే ఉంది. రెండు గదులు, ఒక వంటిల్లు. వంటింటి పక్కన అరుగులాంటి జాగాలో ఆమె మంచం. పెళ్ళి మాట కొన్నాళ్ళు నడిచి, నడవలేక ఆగిపోయింది. బావ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. నోరు ఊరుకోదు, మనసు మంచిది.

"ఏం మరదలా, ఇవాళ ఏ కాలంవాళ్ళను పలకరించావు?"

"నిద్రొస్తోంది బావా."

"చచ్చినవాళ్ళ పాఠం కదా. నిద్ర రాక ఏం చేస్తుంది?"

నిజంగానే నిద్ర ఆమెను మింగుతూ ఉండేది. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీసేది. మధ్యాహ్నం తరగతుల్లో కళ్ళు తెరిచే నిద్రపోవడం నేర్చుకుంది. పక్కన కూర్చునే అమ్మాయి మోచేత్తో పొడిచేది. "పిన్నీ, రాతియుగం అయిపోయింది, లేవండి." పరీక్షలకు ఆమె చదువు బస్సులోనే. గట్టెక్కేది, అంతే. పైకి వెళ్ళేది కాదు, కిందికి జారేది కాదు.

ఒకసారి బంధుత్వాల మేడమ్ ఎవరి కుటుంబపటం వాళ్ళు వేసుకు రమ్మంది. మగవాడికి త్రికోణం, ఆడదానికి సున్న, పెళ్ళికి జంట గీత, పిల్లలకు కిందికి దిగే గీత. పిన్ని నేల మీద కాగితం పరుచుకుని గీస్తుంటే బావ వచ్చి వంగి చూశాడు.

"ఇందులో నేనేది?"

"ఈ త్రికోణం."

"మీ అక్క?"

"ఈ సున్న."

"సున్న అని తెలియడానికి పటం ఎందుకూ? చూస్తే తెలియడం లేదూ?"

"మీ పొట్టకు ఏం గీయాలో కూడా అడగండి," అంది అక్క వంటింట్లోంచి.

పటంలో పిన్ని ఒక సున్న. పక్కకు గీత లేదు, కిందికి గీత లేదు. పైనుంచి దిగిన గీత ఆ సున్నకు తగిలి ఆగింది. బావ దాన్ని చూశాడు. హాస్యం ఏదో నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుంది. "టీ తాగుతావా మరదలా?" అని లేచాడు.

రెండో ఏడు తవ్వకం. ల్యాబులో సెలవు పెట్టి అందరితోపాటు ఆమె కూడా వెళ్ళింది. ఎండిన వాగు పక్కన ఒక దిబ్బ. మట్టిసారు దాన్ని చదరాలుగా కొలిచి, తాళ్ళు కట్టి, తలా ఒక చదరం ఇచ్చాడు. పగలంతా తాపీతో గీరడం, బుట్టలు మోయడం, జల్లెడ పట్టడం. మోకాళ్ళు దోక్కుపోయాయి, వేళ్ళు పగిలాయి. పొడుగువాడి చదరంలో గోడ వచ్చింది. పక్కనే ఆమె చదరంలో ముందు ఏమీ రాలేదు. చాలా రోజులు మట్టి, మట్టి కింద మట్టి. తరవాత గట్టి నేల, దాని మీద కాలి ఎర్రబారిన వలయం. పొయ్యి. పొయ్యి పక్కన కొన్ని కుండలు, నేలకు కుంగి, పగిలినా చెదరకుండా. వాటిలో ఒకటి సగానికిపైగా ఉంది. దాని అడుగున, లోపల, నల్లటి పొర ఒకటి పట్టుకుని ఉంది.

మట్టిసారు గుంటలోకి దిగి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అడుగంటింది," అన్నాడు.

"ఏంటండీ?"

"వంట. ఆ రోజు వంట అడుగంటింది. కుండ దించేలోపు ఏమైందో మరి." ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే అలసట ఆ ఒక్కసారి వినిపించలేదు. "పెద్ద ల్యాబు ఒకటి ఉంది. ఈ మసి చిటికెడు పంపిస్తే ఏం ఉడికించారో చెప్తారు. గింజా, మాంసమా, పాలా. ఈ పొయ్యి మీదేనమ్మా. వ్యాసం దీని మీదే రాయండి. కుండ బయట సున్నం పట్టింది, దాన్ని తీయొచ్చు. లోపల మాత్రం వేలు కూడా పెట్టొద్దు."

రెండేళ్ళ చదువులో ఆమెకు మెలకువ తెప్పించిన మాట అదే. వేల ఏళ్ళ కిందట ఎవరో పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన వంట ఏమిటో తెలుసుకుని, రాసి, డిగ్రీ పుచ్చుకుని బయటపడటం. అంతకంటే ఆమె ఏమీ కోరలేదు. అది కూడా ఈ ఏడాదే కావాలి. వేసవి దాటాక ఆమె పనిచేసే ల్యాబు ఊరి చివర కొత్త భవనంలోకి మారుతోంది. అక్కడ తెల్లవారుజాము షిఫ్టు ఉండదు. పగలంతా పని. పెద్దాయన ముందే చెప్పాడు: "అప్పటిదాకా నీ చదువుకు అడ్డం రాను. ఆ తరవాత నా చేతిలో లేదు." అంటే ఈ ఏడు అయితే అయింది, లేకపోతే లేదు.

తవ్వకం నుంచి వచ్చాక పెంకులు కడిగే పని మొదలైంది. విభాగం వెనక వసారాలో ఒక కుళాయి, కొన్ని ప్లాస్టిక్ తొట్లు, పెంకులు ఆరబెట్టడానికి జాలీ పలకలు. కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో దానికే తెలియదు. వచ్చినప్పుడు అందరూ పరుగెత్తాలి. పిన్ని కడిగినంత వేగంగా ఎవరూ కడగలేకపోయేవారు. పొడుగువాడు ఒక పెంకు ముగించేలోపు ఆమె పలక నింపేది. "ప్రొఫెషనల్స్‌తో పోటీ ఏంట్రా?" అని పక్కవాళ్ళు వాణ్ణి ఏడిపించేవారు. పొయ్యి కుండను ఆమె విడిగా, కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో దాచింది. పెట్టె మీద ఎర్ర సిరాతో కడగరాదు అని రాసింది. రాసింది ఆమే.

ఆ రోజు ల్యాబులో తోటిమనిషి రాలేదు. ఇద్దరి తొట్లూ ఆమే కడిగింది. ముందురోజు కూడా అంతే. బస్సులో నిలబడి, దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి యూనివర్సిటీ చేరింది. వసారాలో ఎవరూ లేరు. కుళాయిలో నీళ్ళు మాత్రం పుష్కలంగా పడుతున్నాయి. ఈ నీళ్ళు పోతే మళ్ళీ ఎప్పుడో అనుకుంది. పెట్టె తెచ్చి, కాగితం విప్పి, కుండ బయట సున్నం మీద పలచని ఆసిడ్ బ్రష్‌తో రాసింది. సున్నం చిన్నగా బుసబుసలాడింది. ఆ శబ్దం ఆమెకు బాగా తెలుసు. ల్యాబులో రోజూ వినేదే. బయట అంతా తిప్పి తిప్పి కడిగింది. శుభ్రపడింది. చెయ్యి లోపలికి వెళ్ళింది.

ఆమె అప్పుడు ఏమీ ఆలోచించడం లేదు. బయట అయ్యాక లోపల. ఎన్నో ఏళ్ళుగా చేతికి తెలిసిన వరస అది. బ్రష్ అడుగున గుండ్రంగా తిరిగింది. తొట్లో నీళ్ళు నల్లబడ్డాయి. కుండ వంచింది, నీళ్ళు పారబోసింది, మళ్ళీ నింపింది, మళ్ళీ తిప్పింది. తరవాత అలవాటు చొప్పున వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలికి చూసింది.

నీరు పలచగా పరుచుకుని జారిపోతోంది.

వసారా కాలవ వైపు పరుగెత్తింది. నల్లనీళ్ళు జాలీ దాటి వెళ్ళిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జాలీ ముందు గొంతుక్కూర్చుని వేలితో గీరింది. పాత ఆకు ముక్క ఒకటి, ఎవరిదో వెంట్రుక ఒకటి వచ్చాయి. కుళాయి ఇంకా పోస్తూనే ఉంది.

మట్టిసారు గదికి ఆమె తడిచేతులతోనే వెళ్ళింది.

"సార్, పొయ్యి కుండ కడిగేశానండి."

"బయటే కదా?"

"లోపల కూడా."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అరిస్తే బాగుండేది. అరవలేదు.

"తెలియక..." అన్నాడు, ఆమె కోసం తనే వెతికినట్టు.

"తెలుసండి. పెట్టె మీద రాసింది నేనే."

"కూర్చోండమ్మా."

ఇద్దరూ కూర్చున్నారు. ఆయనది ఒక రకం అలసట, ఆమెది ఇంకో రకం. ఎన్నో ఏళ్ళుగా తవ్వి, అలాంటి కుండ కోసం చూసినవాడు ఆయన. ఆయన ఫోన్ తీసి ఆ పెద్ద ల్యాబువాళ్ళతో మాట్లాడాడు. పెట్టేశాడు.

"కుండ గోడలోకి ఇంకినది కొంత ఉండొచ్చు. కానీ ఆసిడ్ తగిలినదాన్ని వాళ్ళు ముట్టుకోరట. ఏదైనా వచ్చినా అది ఏమిటో చెప్పలేమంటున్నారు. వచ్చే ఏడు పక్క చదరం తవ్వుతాం. ఒక్క ఏడాది ఆగగలరా?"

"ఆగలేనండి."

"అయితే ఉన్నదానితో రాయండి. ఆకారం, కొలతలు, బయటి మసి, పొయ్యి. సన్నగా ఉంటుంది. బయటి నుంచి వచ్చే పరీక్షకురాలు గట్టి మనిషి. పోయినసారి ఒకణ్ణి తప్పించింది. అది తెలిసి రాయండి."

విషయం సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. అమ్మాయిలు ఆమె చుట్టూ చేరి, ఏం అనాలో తెలియక టీ తెచ్చారు. పొడుగువాడు అందరూ వెళ్ళేదాకా ఆగి, తన సంచిలోంచి కాగితపు పొట్లం ఒకటి తీసి ఆమె పలక మీద పెట్టాడు. లోపల ఒక పెంకు. దాని మీద దళసరిగా నల్లటి పొర.

"నా చదరంలోది పిన్నీ. నాకు పెంకులు బోలెడున్నాయి. నేను రాసేది గోడల మీద కదా, నాకెందుకూ? మీ కుండ అడుగు ముక్క అని పంపించండి. ఎవడికి తెలుస్తుంది?"

"సారుకు తెలియదా?"

"ఆయనకు పెంకులన్నీ పిల్లల్లాంటివే. కానీ ఇంతమంది పిల్లలున్నప్పుడు ఒకడు తప్పిపోయినా తెలియదు లెండి."

ఆమెకు నవ్వొచ్చింది. పెంకును అక్కడే ఉంచింది. వాడి చదరంలోని ఇంటికీ తన చదరంలోని ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఒకే కాలం, ఒకే వాగు నీళ్ళు. వండింది కూడా ఒకటే అయ్యుంటుందని తనకు తాను చెప్పుకుంది. పంపడానికి కాగితం కూడా తీసింది. ఎక్కడ దొరికింది అన్నచోట తన చదరం గుర్తు వేస్తే చాలు. పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. ఆ వారమంతా అదే పని. బస్సులో, ల్యాబులో, మంచం మీద ఆ పెంకే కళ్ళముందు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ మొహం దాగదు. అక్క పట్టేసింది.

"ఏదో పోగొట్టుకున్నట్టున్నావు."

"కుండలో మసి పోయింది."

అక్క చేతిలో గరిట ఆగిపోయింది. "మసి పోతే సంతోషించాలి గానీ ఏడుస్తారటే? నేను రోజూ తోమలేక చస్తున్నాను."

జరిగింది చెప్పింది. అక్క విని, నవ్వాలో వద్దో తెలియక, కొంగుతో మొహం తుడుచుకుంది. పొడుగువాడి పెంకు సంగతి వినగానే బావ ఉత్సాహపడ్డాడు.

"ఆ కుర్రాడు బంగారం మరదలా. పంపించెయ్. వాళ్ళొచ్చి నీ మీద కేసు పెడతారా?"

"పక్కింటివాళ్ళది బావా అది."

"పక్కింట్లో ఏం వండితే మనింట్లో అదే వండుతుంది మీ అక్క. వాసన చూసి మరీ."

"మీరు తినకుండా పోయారా ఎప్పుడైనా?" అంది అక్క.

వాళ్ళు అలా మాటకు మాట అనుకుంటూ ఉండగానే ఆమెకు నిద్ర పట్టేసింది.

మర్నాడు తెల్లవారుజామున, తొట్టె ముందు, చేతులు గులాబీ నీళ్ళలో ఉండగా ఆ సంగతి తేలిపోయింది. కొత్తగా తోచిందేమీ కాదు. ఇన్నాళ్ళూ తను కడుగుతున్నది దేనికి? ఒకరిది ఇంకొకరి పేరు మీద పడకూడదనే. ఆ గాజులన్నీ ఆ ఒక్క మాట కోసమే. కుండ కడగడం తప్పే. పక్కింటి మసి తెచ్చి ఈ ఇంటి పేరు రాయడం మాత్రం తప్పుతో పోయేది కాదు. ఆ పొయ్యి ముందు కూర్చున్నది ఎవరో, ఆమె వండనిది ఆమె వండినట్టు పుస్తకాల్లోకి పోతుంది. కాదని చెప్పడానికి ఆమె రాదు.

పొట్లం తిరిగి ఇచ్చేసింది.

"వద్దు బాబూ. పక్కింటివాళ్ళది."

"పక్కింటివాళ్ళు ఏమనుకుంటారని పిన్నీ? వాళ్ళు పోయి వేల ఏళ్ళయింది."

"అందుకే. అడుగుదామంటే లేరు కదా."

వాడు పొట్లాన్ని తన చదరం పెట్టెలో, ఉండాల్సిన చోటే పెట్టాడు.

వ్యాసం సన్నగానే వచ్చింది. కుండ మూతి వెడల్పు, గోడ మందం, పొయ్యి కొలత, బొమ్మలు. ఏం వండారు అన్న అధ్యాయం ఉండాల్సిన చోట ఆమె ఒక్క పేరా రాసింది. కుండ లోపల అడుగున కాలిన ఆహారపు పొర దొరికినప్పుడు ఉంది. శుభ్రం చేసేటప్పుడు పరిశోధకురాలి చేతిలో పోయింది. కాబట్టి ఇందులో వండినదేమిటో ఈ వ్యాసం చెప్పలేదు. అంతే. ఆ పేరా రాయడానికి మిగతా వ్యాసమంత కాలం పట్టింది. ప్రతి వాక్యంలోనూ కాస్త వంకర తిప్పడానికి చోటు ఉంది. 'పోయింది' బదులు 'లభించలేదు' అనొచ్చు. 'పరిశోధకురాలు' తీసేయొచ్చు. తీసింది, పెట్టింది. చివరికి విసుగొచ్చి ఉన్నది ఉన్నట్టు వదిలేసింది.

మౌఖిక పరీక్షకు వచ్చిన పరీక్షకురాలు పెద్దావిడ. పడిశం పట్టి ఉంది. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు తెచ్చుకుని గుక్క గుక్కగా తాగుతోంది. పక్కన మట్టిసారు, బంధుత్వాల మేడమ్. పిన్ని ఆ రోజు కూడా షిఫ్టు చేసే వచ్చింది. సెలవులు తవ్వకానికే అయిపోయాయి. చేతులకు ఆసిడ్ వాసన.

పెద్దావిడ పేజీలు తిప్పి, ఆ పేరా దగ్గర వేలు పెట్టింది.

"ఏం వండారు?"

"తెలియదండి."

"ఎందుకు తెలియదు?"

"కడిగేశానండి."

"తెలియక కడిగారా?"

"తెలిసేనండి. చెయ్యి ఆగలేదు."

"ఎలా కడిగారో చెప్పండి. మొదటి నుంచి."

చెప్పింది. ఆసిడ్ ఎంత పలచన, ఏ బ్రష్, ఎన్నిసార్లు వంచిందీ, నీళ్ళు ఎప్పుడు నల్లబడ్డాయో. చెబుతుంటే అది తన గురించి కాక, ఎవరో చేసిన పని గురించి చెబుతున్నట్టుంది. పెద్దావిడ మధ్యలో తుమ్మింది, ముక్కు తుడుచుకుంది, మళ్ళీ వింది.

"ఈ పేరా రాయకుండా ఉండొచ్చుగా? లోపల ఏమీ లేదని రాస్తే నాకు తెలిసేది కాదు."

"ఉందండి."

"ఉంది, సరే. ఇప్పుడు లేదు. వండినది లేకపోతే ఈ వ్యాసంలో ఇంకేం మిగిలింది?"

పిన్ని ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, జవాబు కోసం కాదు.

"కుండ మిగిలిందండి."

పెద్దావిడ నవ్వబోయి దగ్గింది. దగ్గి దగ్గి, వేణ్ణీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుంది. "బయట కూర్చోండి," అంది.

బయట బెంచీ మీద పిన్ని గోడకు తల ఆనించింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి గానీ అర్థం కావడం లేదు. మట్టిసారు గొంతు ఒకసారి పెరిగింది. పెద్దావిడది పెరగలేదు. తప్పితే రేపటి నుంచి ఒక్క ఉద్యోగమే. ఆ ఆలోచన ఆమెను బాధపెట్టాల్సినంత పెట్టలేదు. ఒళ్ళంతా హూనమై ఉంది. పొడుగువాడు పక్కన కూర్చుని గోళ్ళు కొరుకుతున్నాడు.

"నువ్వెందుకు కంగారుపడతావు?"

"మీరు పడటం లేదు కదా. ఎవరో ఒకరు పడాలి."

మట్టిసారు తలుపు తెరిచి బయటికి వచ్చాడు. "పాస్," అన్నాడు. తలుపు దగ్గరికి వేస్తూ, "అంటే పాసే. అంతకంటే ఏమీ లేదు. పరిశోధనలో చేరడానికి ఈ మార్కులు చాలవు."

"ఇంకా చదవమంటారేమోనని భయపడ్డానండి."

"అనను."

"బతికించారు."

ఆయన నవ్వాడు. చాలా నెలలకు. పొడుగువాడు అప్పటికే మెట్లు దిగి అందరికీ చెప్పడానికి పరుగెత్తాడు.

ఒక పని మిగిలింది. ఎవరి చదరంలో దొరికినవి వాళ్ళే భద్రపరిచే గదికి చేర్చాలి. అది విభాగం పద్ధతి. ఇనప అరల గది అది. కిటికీ లేదు, దీపం వేస్తేనే వెలుతురు. పిన్ని కుండను దూది పరిచిన కొత్త పెట్టెలో పెట్టింది. పెట్టెతోపాటు ఉండే చీటీ ఒకటి రాయాలి. చదరం, పొర, లోతు, ఏ ఏడు తవ్విందీ. ఈ చీటీ చూసే తరవాత ఎవరైనా పెట్టె తెరుస్తారు.

"స్థితి అన్నచోట ఏం రాయనండీ?"

మట్టిసారు అరల మధ్య నిలబడి ఏదో వెతుకుతున్నాడు. "ఉన్నది రాయండి."

లోపల కడిగినది, అని రాసింది. పెన్ను ఎత్తకుండా ఆగింది.

"ఎవరు కడిగారో కూడా రాయాలా?"

"అక్కర్లేదు. ఎవరైనా మళ్ళీ మసి కోసం వెతక్కుండా ఉంటే చాలు."

ఆమె సిరా ఆరేదాకా చీటీ మీద ఊదింది. మూత పెట్టి, పెట్టెను ఎత్తి అరలోకి తోసింది. అటువైపు పొడుగువాడి చదరంలోని ఇంటి పెట్టెలు, ఇటువైపు ఇంకా తవ్వని చదరాల కోసం వదిలిన ఖాళీ. బయట అమ్మాయిలు పిన్నీ పిన్నీ అని కేకలేస్తున్నారు, ఫోటో దిగాలట.

"వెళ్ళండమ్మా," అన్నాడు మట్టిసారు, దీపం మీట మీద చెయ్యి వేసి.

"కాసేపు కూర్చుంటానండి. మీరు తాళం వేసేలోపు లేస్తాను."

ఆయన మీట వదిలేశాడు. మూలనున్న ముక్కాలి పీట ఒకటి ఆమె దగ్గరికి జరిపి, తన వెతుకులాటకు తను వెళ్ళాడు.